ప్రాథమిక పాఠశాలలో మతబోధ - ఓనమాల నుంచి నీతి పీరియడు దాకా

తెలుగులో అక్షరాలకు మరో పేరు ఓనమాలు. ఏ విషయంలోనైనా మొదటి మెట్టు తెలియనివాణ్ణి ‘ఓనమాలు రానివాడు’ అంటాం. హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవుడైనా, ఏ దేవుణ్ణీ నమ్మనివాడైనా తెలుగువాడందరూ ఈ మాటే వాడతారు. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లవాడి వేలు పట్టుకొని ‘ఓం నమః శివాయ, సిద్ధం నమః’ అని దిద్దించిన కాలం నుంచి వచ్చిన మాట ఇది. ఇందులోని ‘సిద్ధం నమః’ జైనుల సిద్ధ నమస్కారానికి అవశేషమని మన పండితులు చెప్పారు. జైన బసదులు పోయాయి, శైవం వచ్చింది. పాత నమస్కారం పక్కన కొత్త నమస్కారం చేరింది. పిల్లవాడు రెండూ కలిపి దిద్దాడు. తాను ఎవరికి నమస్కరిస్తున్నాడో వాడికి తెలియదు, తెలియజెప్పాలని ఎవరూ అనుకోలేదు.

అంటే మన భాషలో చదువు అనే భావం పుట్టుకలోనే మతం కలిసి ఉంది. అందుచేత ప్రాథమిక పాఠశాలలో మతబోధ ఉండాలా, వద్దా అనే ప్రశ్నకు ‘మతం ఇంటి దగ్గర, చదువు బడిలో’ అని ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ఊరుకుంటే చాలదు. ఆ జవాబు తప్పు కాదు. కాని అది మన చరిత్రను దాటవేసే జవాబు. బడిలోకి మతం ఎవరి అవసరం కోసం వచ్చింది, ఎవరిని లోపలికి రానిచ్చింది, ఎవరిని గుమ్మం దగ్గర ఆపింది, దాన్ని తొలగించడానికి ఎవరు ఎందుకు ప్రయత్నించారు అనేవి పరిశీలించకుండా ఇవాళ్టి నీతిపాఠాల సంగతి మనకు అర్థం కాదు. ఆ పరిశీలనే ఈ వ్యాసం ఉద్దేశం.

వీధిబడి

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. ఆ లెక్కలన్నీ కూడిన తర్వాత 1826లో ఆయన తేల్చిన మొత్తం 12,498 బడులు, సుమారు 1,88,000 మంది విద్యార్థులు. జనాభా అప్పుడు కోటీ 28 లక్షలు. అంటే దాదాపు వెయ్యి మందికి ఒక బడి. ‘వలస పాలనకు ముందు మన దేశంలో చదువు లేదు’ అనే మాటకు ఈ లెక్కలే సమాధానమని కొందరు జాతీయవాద పండితులు గర్వంగా చూపుతారు. ఆ గర్వంలో కొంత న్యాయం ఉంది. కాని ఆ బడుల్లో ఏమి చెప్పేవారు, ఎవరికి చెప్పేవారు అనే రెండు ప్రశ్నలు కూడా వెంటనే వేసుకోవాలి.

1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన నివేదిక ఈ రెండింటికీ జవాబు చెబుతుంది. ఆ జిల్లాలో 533 బడులున్నాయి. తెలుగు, కన్నడ బడులన్నింటిలోనూ సామాన్యంగా చదివేవి రామాయణ, భారత, భాగవతాలు. చేతివృత్తుల పిల్లలకు విశ్వకర్మ పురాణం వంటివి అదనం. లింగధారుల పిల్లలకు బసవ పురాణం వంటివి వేరు. అంటే ఒకే ఊళ్ళో ఒక్కొక్క కులానికి ఒక్కొక్క పవిత్ర గ్రంథం. చదువు పిల్లవాడికి ప్రపంచాన్ని చూపడానికి కాదు, వాడు పుట్టిన చోటులోనే వాణ్ణి స్థిరంగా కూర్చోబెట్టడానికి ఉద్దేశించింది. ఇంకొక మాట కూడా కాంప్‌బెల్ రాశాడు. పిల్లలు వందలకొద్దీ పద్యాలు అప్పజెబుతారు గాని వాటి అర్థం చిలకకు తెలిసినంత కూడా వాళ్ళకు తెలియదని. ఇది ఒక దొర చేసిన అవహేళన అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. అర్థం చెప్పని పద్యం, నోటికి రాకపోతే బెత్తం, కోదండం తమ చిన్ననాటి చదువు గురించి రాసిన తెలుగు పెద్దలెందరి జ్ఞాపకాల్లోనో ఉన్నవే.

వీధిబడి ఆర్థిక పునాది కూడా గుర్తు పెట్టుకోవాలి. పంతులుకు జీతం లేదు. పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే బియ్యం, పప్పులు, కొద్దిపాటి డబ్బు, పండగ మామూళ్ళు - వీటితో బతకాలి. దసరా రోజుల్లో పిల్లల చేతికి పువ్వుల బాణాలిచ్చి, ఇంటింటికీ తీసుకువెళ్ళి, పద్యాలు పాడించి పంతులు తెచ్చుకున్నది భిక్ష కాదు, తన జీతమే. అంటే దేవుడి పండగే పంతులు జీతాల రోజు. అటువంటి పంతులు ఊరి పెద్దల నమ్మకాలకు భిన్నంగా ఒక్క అక్షరం చెప్పగలడా? ఆయన చెప్పిన మతం ఆయన విశ్వాసం కావచ్చు, కాకపోవచ్చు. ఆయనకు అన్నం పెట్టేవాళ్ళ విశ్వాసం కావడం మాత్రం తప్పనిసరి.

ఇక ఎవరికి చెప్పేవారు అనేది రెండో ప్రశ్న. మాల, మాదిగ పిల్లలకు ఆ అరుగు ఎక్కే వీలు లేదు. ఆడపిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టదగినంత మంది. ఈ బడిలో మతబోధ చేశారా అని వేరే అడగవలసిన పని లేదు. ఎవరు అరుగుమీద, ఎవరు వీధిలో, ఎవరు ఊరి బయట అనే ఏర్పాటే అక్కడి మొదటి మతపాఠం. భాగవతం పద్యం ఆ తర్వాతిది.

పాదిరి బడి, సర్కారు బడి

1813 చార్టర్ చట్టం రెండు పనులు ఒకేసారి చేసింది. మిషనరీలు దేశంలోకి రావడానికి తలుపు తెరిచింది, విద్యకోసం ఏడాదికి లక్ష రూపాయలు ఖర్చు చెయ్యమని కంపెనీకి చెప్పింది. ఈ రెండు పనులకూ ఉన్న సంబంధమే తర్వాత వందేళ్ళ విద్యా చరిత్ర.

కంపెనీవారికి మతం విషయంలో ఒక నియమం ఉంది. అది వ్యాపారి నియమం. దుకాణం నడవాలంటే ఊళ్ళో గొడవ ఉండకూడదు. దాన్నే తర్వాత ‘మత తటస్థత’ అని గంభీరంగా పిలిచారు. 1846లో మద్రాసు గవర్నరు ట్వీడేల్ ప్రభుత్వ పాఠశాలల్లో బైబిలును పాఠ్యగ్రంథంగా పెట్టాలని ప్రతిపాదించినప్పుడు లండనులోని డైరెక్టర్లు ఒప్పుకోలేదు. వారికి బైబిలంటే భక్తి లేక కాదు, రాబడి మీద శ్రద్ధ ఎక్కువై. అయితే ఈ ప్రతిపాదనను ఎదిరించినవారిలో ముఖ్యుడు ఒక తెలుగువాడని మనం గుర్తుంచుకోవాలి. మద్రాసులో నీలిమందు, బట్టల వ్యాపారం చేసిన గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లోనే ‘క్రెసెంట్’ పత్రిక పెట్టి మిషనరీ పక్షపాతాన్ని ఎండగట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. దక్షిణ భారతంలో తొలి రాజకీయ సంఘమని చెప్పదగిన ఆ సంస్థ వెనుక ఉన్న ప్రేరణల్లో బడిలో మతబోధ ఒకటి. పన్నుల భారం, రైతులమీద చిత్రహింసలు, పాఠశాలల్లో బైబిలు - వీటన్నింటిమీదా కలిపి ఆయన పోరాడాడు. ప్రజల డబ్బుతో నడిచే బడిలో ఒక మతాన్ని చెప్పకూడదనే మాట మన ప్రాంతంలో ఇంత పాతది. అది పాశ్చాత్యుల దగ్గర అరువు తెచ్చుకున్న మాట కాదు.

కాని లక్ష్మీనరసు శెట్టి పోరాటానికి ఒక పరిమితి ఉంది. బడిలోకి బైబిలు రాకూడదన్నవాళ్ళలో అదే బడిలోకి మాదిగ పిల్లవాడు రావాలన్నవారు ఎవరూ మనకు కనబడరు. ఇక్కడే ఈ చరిత్ర తిన్నగా సాగక మెలిక తిరుగుతుంది.

1843లో రాబర్టు నోబుల్ మచిలీపట్నంలో బడి పెట్టాడు. ఆయన పెట్టింది అగ్రకులాల పిల్లల కోసం. పైవాళ్ళను మారిస్తే కిందివాళ్ళు వాళ్ళే వస్తారని ఆయన లెక్క. మిషనరీ అయివుండీ కులాన్ని బడి గుమ్మం దగ్గర గౌరవించాడు. అగ్రకులాలవాళ్ళు కూడా బైబిలు వినడానికి పిల్లల్ని పంపారు. ఇంగ్లీషు వస్తుంది, ఉద్యోగం వస్తుంది. బైబిలు పీరియడు దానికి కట్టే సుంకం. 1852లో ఇద్దరు విద్యార్థులు నిజంగానే క్రైస్తవం పుచ్చుకున్నప్పుడు మాత్రం ఊరు అట్టుడికిపోయింది, బడి దాదాపు ఖాళీ అయింది. కొన్నాళ్ళకు మళ్ళీ నిండింది. మతం చెబుతున్నారని ఎవరూ బడి మానలేదు. ఆ చెప్పినది ఎవరో నిజంగా నమ్మినప్పుడు మానేశారు. ఉద్యోగం అవసరం గుర్తొచ్చి మళ్ళీ వచ్చారు.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ ఒంగోలుది. 1866లో అక్కడికి వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దగ్గరికి బ్రాహ్మణులు తమ పిల్లలకు బడి పెట్టమని వచ్చారు, పెట్టాడు. అంతలో మాదిగలు క్రైస్తవంలోకి రాసాగారు. వాళ్ళను చేర్చుకుంటే మేము ఉండమని పైకులాలవారు స్పష్టంగా చెప్పారు. క్లౌ మాదిగల పక్షాన నిలబడ్డాడు, పైకులాల పిల్లలు వెళ్ళిపోయారు. ఆ తర్వాత 1876-78 కరువు, బకింగ్‌హాం కాలవ తవ్వకం పనులు, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం - ఇవన్నీ ప్రసిద్ధమైన విషయాలే. ఆ తర్వాత మాదిగపల్లెల్లో వెలసిన చిన్నబడుల సంగతి మాత్రం మన విద్యా చరిత్రల్లో ఒక పేరాకు మించి రాదు. చాలా చోట్ల ఒకే పాక పగలు బడి, ఆదివారం గుడి. పగటిపూట పంతులే ఆదివారం బోధకుడు. పాఠ్యపుస్తకం సువార్త.

అభ్యుదయ విమర్శకులం మనం ఇంతకాలం దీన్ని ‘సామ్రాజ్యవాదం వేసిన ఎర’ అని ఒక్క ముక్కలో తేల్చేశాం. సామ్రాజ్యవాదానికీ మిషన్లకూ సంబంధం లేదని ఎవరూ అనరు. కాని ఒక సంగతి ఆలోచించాలి. వేలయేళ్ళుగా అక్షరం ముట్టనివ్వని మనుషుల చేతికి పలక ఇచ్చినది ఆ పాక. అక్కడ మతం చదువుకు చెల్లించిన ధర. మచిలీపట్నంలో పైకులాలవారు చెల్లించిన ధరా అదే. కాని వాళ్ళకు ఆ ధర కట్టకపోయినా వీధిబడి ఉంది. మాదిగపల్లెకు మరో బడి లేదు. బేరమాడే అవకాశం లేనివాడు ఇచ్చిన ధరనూ, ఉన్నవాడు ఇచ్చిన ధరనూ ఒకే త్రాసులో తూచడం చరిత్ర దృష్టి కాదు. జాషువా గుంటూరులో లూథరన్ మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. పురాణ కవిత్వం రాశాడని క్రైస్తవులూ, క్రైస్తవుడివంటూ హిందువులూ ఆయన్ని దూరం పెట్టారు. రెండు మతాల మధ్య నిలబడి 1941లో ‘గబ్బిలం’ రాసిన ఆ కవి ఏ బడిలోంచి వచ్చాడో మనం మరచిపోకూడదు. అక్షరం చేతికి వచ్చిన తర్వాత దానితో ఏమి రాయాలో అది ఇచ్చినవాడు శాసించలేడు. మతబోధ చేసిన ప్రతివాడూ చివరకు ఓడిపోయేది ఇక్కడే.

1854 వుడ్ తాఖీదు ఈ వ్యవహారానికి ఒక చట్రం బిగించింది. సర్కారు బడిలో మతం చెప్పరు. మిషను బడిలో చెప్పవచ్చు. లౌకిక విద్య సరిగా చెబుతున్నంతకాలం దానికి గ్రాంటు ఇస్తారు, మతం సంగతి ఇన్‌స్పెక్టరు అడగడు. అంటే ప్రభుత్వం ఎడమచేత్తో తటస్థత పాటిస్తూ కుడిచేత్తో మతబోధకు పరోక్షంగా డబ్బిచ్చింది. 1882 హంటర్ కమిషన్ ముందుకు ఈ వైరుధ్యం వచ్చింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక బడి మతబోధ చేసే బడి అయినప్పుడు, ఏ సౌకర్యమూ పోగొట్టుకోకుండా తమ పిల్లల్ని ఆ బోధ నుంచి తప్పించుకునే హక్కు తల్లిదండ్రులకు ఉండాలని కమిషన్ చెప్పింది. ఇప్పటి మన రాజ్యాంగంలోని ఒక నిబంధనకు బీజం ఇక్కడే కనిపిస్తుంది. అదే కమిషన్ కళాశాలల కోసం అన్ని మతాలకూ సమ్మతమైన ఒక నీతి పుస్తకం తయారు చెయ్యమని కూడా సిఫారసు చేసింది. సభ్యుడు కాశీనాథ్ త్రింబక్ తెలంగ్ దీనితో విభేదించి తన అసమ్మతి రాశాడు. ‘మతం కాదు, నీతి మాత్రమే’ అనే ఇవాళ్టి నినాదం వయస్సు, దానిమీద అనుమానం వయస్సు, రెండూ సమానమే.

నైజాములో

తెలంగాణలో పరిస్థితి వేరు. అక్కడ తటస్థత అనే మాటే లేదు. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ముస్లిం విద్యార్థులకు దీనియాత్, అంటే ధర్మశాస్త్రం, మిగిలినవారికి అఖ్లాఖియాత్, అంటే నీతిశాస్త్రం. చూడటానికి న్యాయంగానే ఉంది: నీ మతం నీకు, వారికి నీతి. కాని రాజ్యం తనదనుకున్నవాళ్ళకు మతాన్నీ, ఇతరులకు నీతినీ పంచడంలోనే అసలు విషయం ఉంది. ఇక్కడ నీతి అంటే విధేయత. మరోవైపు తెలుగులో చదువు చెప్పడానికి పెట్టుకునే ఖాన్గీ పాఠశాలలకు అనుమతుల బెడద. 1930 నుంచి జరిగిన ఆంధ్ర మహాసభలు మాతృభాషలో చదువు, ఖాన్గీ బడులపై ఆంక్షల రద్దు అనే కోర్కెలను పదేపదే ముందుకు తెచ్చాయంటే, దానికి కారణం పాలకుడి మతం మీద ద్వేషం కాదు. పిల్లవాడి నోట్లో ఉన్న భాషకు బడిలో చోటు లేకపోవడం. హైదరాబాదులోనే భాగ్యరెడ్డి వర్మ దళిత పిల్లలకోసం 1910 ప్రాంతం నుంచి బడులు పెట్టాడు. మిషను అక్కరలేకుండా, రాజు దయ అక్కరలేకుండా మూడో దారి ఉందని చూపినవాడు ఆయన.

వార్ధా నుంచి రాజ్యాంగ సభకు

1937లో జాకిర్ హుసేన్ సంఘం తయారుచేసిన వార్ధా విద్యా ప్రణాళికలో మతబోధ లేదు. రోజూ ప్రార్థన చేసే గాంధీ తన విద్యా ప్రణాళికలో మతాన్ని ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. మతాలను ఇవాళ బోధిస్తున్న తీరూ, ఆచరిస్తున్న తీరూ ఐక్యతకు కాక కలహానికే దారితీస్తున్నాయనే భయంతో వదిలేశామన్నది 1938లో ఆయన చెప్పిన సమాధానం సారాంశం. గాంధీతో మనకు ఎన్ని విభేదాలున్నా, ఒక మతవిశ్వాసి నోట వచ్చిన ఈ మాట విలువ తక్కువది కాదు. ఆయన భయం నిరాధారం కాదని అప్పుడే తేలింది. మధ్యపరగణాల కాంగ్రెసు ప్రభుత్వం గ్రామీణ బడులకు ‘విద్యామందిర్’ అని పేరు పెట్టగానే ముస్లిం లీగు దాన్ని పెద్ద ఆరోపణగా మార్చింది, 1938 పీర్పూర్ నివేదికకు ఎక్కించింది. పాఠం కాదు, పేరు చాలింది.

దేశ విభజన జరిగిన తర్వాత, ఆ నెత్తురు ఆరకముందే, రాజ్యాంగ సభ ఈ ప్రశ్నను చేపట్టింది. 1948 డిసెంబరు 7న జరిగిన చర్చలో అంబేద్కర్ చెప్పిన కారణాలు మూడు. ప్రజలందరి పన్నుతో నడిచే బడిలో ఒక మతం చెప్పడం, ఆ మతం కానివాడి దగ్గర డబ్బు వసూలు చేసి ఇతరుల మతాన్ని పోషించడమే. రెండోది, ఒకే ఊళ్ళో ఇన్ని మతాలున్నప్పుడు ఏది చెప్పాలి? అన్నీ చెప్పడం సాధ్యం కాదు, ఒకటే చెప్పడం న్యాయం కాదు. మూడోది అందరికంటె నిర్మొహమాటంగా చెప్పినది: ప్రతి మతమూ మోక్షానికి తానొక్కటే దారి అంటుంది, ఆ వాదాలను బడిలోకి తెస్తే బడి యుద్ధరంగం అవుతుంది. ఈ మూడు కారణాల్లో ఎక్కడా దేవుడు ఉన్నాడా లేడా అనే చర్చ లేదు. మతబోధ వద్దనడానికి నాస్తికుడు కానక్కరలేదని ఆయన నిరూపించాడు.

ఆ చర్చ ఫలితమే రాజ్యాంగం 28వ అధికరణం. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వం నిర్వహిస్తున్నా, మతబోధ చెయ్యాలనే షరతుతో ఏర్పడిన ధర్మనిధి సంస్థలకు ఇది వర్తించదు. గుర్తింపు గాని, గ్రాంటు గాని ఉన్న మిగతా బడుల్లో మతబోధకూ పూజకూ హాజరు కమ్మని ఎవరినీ బలవంతపెట్టకూడదు. మైనరు అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. మన మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల మొదటి కోవలోది. అక్కడ సమ్మతి ప్రశ్నే లేదు. సమ్మతి ఉన్నా చెప్పకూడదు.

మతం నీతిగా మారిన విధం

ఆ తర్వాతి కథ తలుపు మూసి కిటికీ తెరిచిన కథ. 1952-53 మొదలియార్ కమిషన్ మతబోధ బడి వేళల బయట, ఇష్టమున్నవారికి మాత్రమే అంది. 1959లో నియమించిన శ్రీప్రకాశ కమిటీ బడి మౌనధ్యానంతో మొదలు కావాలనీ, ప్రాథమిక స్థాయిలో మతప్రవక్తల జీవితకథలు చెప్పాలనీ సూచించింది. 1964-66 కొఠారీ కమిషన్ ఒక మేలైన తేడా చూపింది: ఒక మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరు. మొదటిది లౌకిక రాజ్యం పని కాదు, రెండోది అవసరం. 1999లో ఎస్.బి. చవాన్ కమిటీ విలువల విద్యమీద నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా వచ్చిన 2000 నాటి జాతీయ పాఠ్యప్రణాళికను సవాలు చేసినప్పుడు, 2002 సెప్టెంబరులో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కొఠారీ చూపిన తేడానే అంగీకరించి, మతాల గురించి చెప్పడం 28వ అధికరణానికి విరుద్ధం కాదంది.

సిద్ధాంతంగా ఈ తేడాను నేను ఒప్పుకుంటాను. పదో తరగతి పిల్లవాడికి బుద్ధుడి గురించీ, మహమ్మదు ప్రవక్త గురించీ, బసవణ్ణ గురించీ చెప్పకపోతే వాడికి చరిత్రే తెలియదు. కాని ఒకటో తరగతి, మూడో తరగతి మాటేమిటి? ఆరేళ్ళ పిల్లకు ‘వాళ్ళు ఇలా నమ్ముతారు’ అనే వాక్యానికీ, ‘ఇది ఇలా జరిగింది’ అనే వాక్యానికీ తేడా తెలియదు. పంతులు చెప్పినదల్లా ఆ వయస్సులో నిజమే. అందుచేత పెద్ద తరగతుల్లో జ్ఞానమైనది చిన్న తరగతుల్లో బోధ అయిపోతుంది. కమిషన్ల నివేదికలు రాసిన పెద్దలకు ఈ సంగతి తట్టలేదు. వాళ్ళెవరూ ఒకటో తరగతి గదిలో నిలబడి రాయలేదు.

పైగా ప్రాథమిక పాఠశాలలో మతం వచ్చేది పాఠ్యప్రణాళిక దారిన కాదు. ప్రార్థన దారిన, పండగ దారిన, గోడమీది పటం దారిన వస్తుంది. దానికి జీవో అక్కరలేదు, కమిటీ అక్కరలేదు. మాకు అది మతం అని కూడా తోచదు, ఆనవాయితీ అనుకుంటాం.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక ప్రాథమిక పాఠశాలలో వినాయక చవితికి పిల్లల దగ్గర తలా ఐదు రూపాయలు వసూలు చేశాం. పత్రి పిల్లలే తెచ్చారు, సంబరంగానే జరిగింది. డబ్బు తేనివాళ్ళ పేర్లు నేనే నల్లబల్లమీద రాశాను, ఫీజు బకాయి రాసినట్టు. నాలుగో తరగతి పిల్ల ఒకతె రెండు రోజులు ఆలస్యంగా తెచ్చింది. వాళ్ళు ప్రార్థనా మందిరానికి వెళ్ళే కుటుంబమని నాకు తెలుసు. ‘ఇంట్లో ఇచ్చారా అమ్మా?’ అంటే తల దించుకొని, ‘ఇండియా పటం కొనాలని చెప్పి తెచ్చానండీ’ అంది. బల్లమీద పేరు తుడిచేశాను. ఆ వారం నీతి పీరియడులో సత్యం గురించి పాఠం కూడా నేనే చెప్పాను. ఆ పిల్లకు మా బడి నేర్పినది ఏమిటి? వినాయకుడి మీద భక్తి కాదు. పేరు బల్లమీద నుంచి పోవాలంటే ఇంట్లో అబద్ధం చెప్పాలని. అప్పటికి 28వ అధికరణం నాకు తెలుసు. రాజ్యాంగం తెలిసినంత మాత్రాన సుద్దముక్క పట్టుకున్న చెయ్యి ఆగదు.

ఈ సందర్భంలో 1986 నాటి ఒక తీర్పు జ్ఞాపకం చేసుకోవాలి. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మతవిశ్వాసం ప్రకారం జాతీయగీతం పాడకుండా మౌనంగా, గౌరవంగా నిలబడినందుకు బడి నుంచి బహిష్కరించారు. ఆ బహిష్కారం చెల్లదని తీర్పు రాసిన న్యాయమూర్తి తెలుగువాడైన ఓ. చిన్నపరెడ్డి. జాతీయగీతం విషయంలోనే పిల్లవాడికి మౌనంగా ఉండే హక్కు ఉంటే, పూజ విషయంలో ఎంత ఉండాలి? కేంద్రీయ విద్యాలయాల్లో ఉదయం ప్రార్థనపై వచ్చిన కేసును సుప్రీంకోర్టు 2019 జనవరిలో రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ప్రశ్న చిన్నది కాదని కోర్టుకూ తెలుసు.

మనం చెయ్యవలసినది

ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనది. తెలుగు సాహిత్యం నుంచి మతాన్ని తీసేస్తే నన్నయ లేడు, పోతన లేడు, వేమన కూడా లేడు. తెలుగు పంతులుగా నేను ఏమి చెప్పాలి? నా సమాధానం ఇది. ప్రహ్లాదుడి కథ చెబుతాను. తండ్రి ఎంత కొట్టినా తన మాట వదలని పిల్లవాడి కథగా చెబుతాను. ఒక పిల్లవాడు లేచి ‘స్తంభంలో దేవుడు నిజంగా ఉన్నాడా మాస్టారూ?’ అని అడిగితే, ‘కథలో ఉన్నాడు’ అంటాను. ఆ ప్రశ్న అడగనిచ్చినంతవరకు అది సాహిత్యం. ‘అలా అడగకూడదు, దణ్ణం పెట్టు’ అన్న క్షణం నుంచి అది మతబోధ. ఒక పిల్లవాడు చేతులు జోడించకుండా, డబ్బు ఇవ్వకుండా, వల్లించకుండా ఉండి, మార్కులు గాని, తోటి పిల్లల్లో గౌరవం గాని, పంతులు దగ్గర చనువు గాని పోగొట్టుకోకుండా ఇంటికి వెళ్ళగలడా? గ్రంథం ఏదైనా గీటురాయి ఇదే. ఈ గీటురాయి మిషను బడికీ, మదరసా పక్క బడికీ, సరస్వతి పటం ఉన్న సర్కారు బడికీ సమానంగా వర్తిస్తుంది.

మనవైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. మతం ఉపరితలాంశమని, పునాది మారితే అదే రాలిపోతుందని అనుకొని మనం ప్రాథమిక పాఠశాలను పట్టించుకోలేదు. విశ్వవిద్యాలయాల సిలబస్‌ల మీద వ్యాసాలు రాశాం, ఒకటో తరగతి వాచకాన్ని తెరిచి చూసినవాళ్ళం తక్కువ. మతోన్మాద శక్తులు ఆ పొరపాటు చెయ్యలేదు. శిశు తరగతి నుంచే తమ బడులు కట్టుకున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం పంచతంత్రం, జాతక కథలు, హితోపదేశం పిల్లలచేత చదివించమంటున్నది. చదివిద్దాం. పంచతంత్రంలోని నక్కకు మతం లేదు, జాతక కథలు చెప్పినవాళ్ళు యజ్ఞాన్ని ప్రశ్నించినవాళ్ళు. ఏ కథ చెప్పమన్నారన్నదానికంటె ఎవరు ఎలా చెబుతారన్నదే నిర్ణయిస్తుంది. ఆ చెప్పేది ఉపాధ్యాయుడు. ఉపాధ్యాయ సంఘాలు డి.ఏ. బకాయిల మీద చేసే చర్చలో పదోవంతు దీనిమీద కూడా చెయ్యాలి.

వీధిబడి పంతులు దసరా మామూళ్ళ మీద బతికాడు గనుక ఊరి పెద్దల మతం చెప్పాడు. పాకబడి బోధకుడు మిషను జీతం తీసుకున్నాడు గనుక మిషను మతం చెప్పాడు. నాకు జీతం ఇస్తున్నది ప్రజలందరి పన్ను. అందులో ఆ నాలుగో తరగతి పిల్ల తండ్రి కొన్న అగ్గిపెట్టె మీది పన్ను కూడా ఉంది. పూర్వపు పంతుళ్ళకు లేని స్వేచ్ఛ ఇది. దాన్ని వాడుకోకపోతే తప్పు ఏ మతానిదీ కాదు, నాది.